గుంత మగ్గంలో విమానం

ఏప్రిల్ 8, మంగళవారం

కొత్త సంవత్సరానికి విత్తనాల కంపెనీ వాళ్ళు మా ఫ్లెక్సీ షాపుకు ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ ఖాళీగా పడి ఉంది. ఇవాళ్టి నుంచి వాడతాను. కంప్యూటర్ సెట్టింగులు మాత్రమే రాస్తాను. ఏది మార్చానో, ఎప్పుడు మార్చానో తర్వాత గుర్తుండదు.

హనుమకొండలో మా షాపు పైనే శ్రీకాంత్ కంప్యూటర్ల రిపేరు దుకాణం. మూతబడిన గేమింగ్ సెంటర్ సామాన్లలో అతనికి ఒక వీఆర్ హెడ్‌సెట్ దొరికింది. కళ్ళకు కట్టుకుంటే ఎటు తల తిప్పితే అటు వేరే లోకం కనిపిస్తుంది. దాంతో పాటు విమానం నడిపే ఆట ఒకటి ఉంది. మా ఇంటి కంప్యూటర్‌లో పెట్టి చూస్తానన్నాను. నవ్వాడు.

"అన్నా, నీ డబ్బా మొయ్యదు. పదేండ్ల కిందటి సిస్టం. విమానం లేవకముందే నీకు కండ్లు తిరుగుతయి."

"మోస్తే?"

"మోస్తే నేనే ఏర్‌హోస్టెస్ లెక్క నీ ఇంటికొచ్చి చాయ్ పోస్త."

ఆ కంప్యూటర్ షత్రంజీల, అంటే నేల మీద పరిచే నూలు తివాచీల, డిజైన్లు గీయడానికి కొన్నది. గళ్ళు, నెమళ్ళు, పూలు తప్ప అది ఇంకేమీ మోసింది లేదు. గ్రాఫిక్స్ కార్డు ఒకటి శ్రీకాంతే బిగించాడు, అదీ పాతదే. మోస్తుందా లేదా, నాకు తెలియాల్సింది అంతే. నేను ఎప్పుడూ విమానం ఎక్కలేదు, ఎక్కాలని మోజూ లేదు. మామునూరుకు విమానాశ్రయం వస్తుందని ఊరంతా ఊగిపోతోంది. నేను ఊగడం లేదు.

ఇంకొక సంగతి రాసి వదిలేస్తాను. మే 4 ఆదివారం మగ్గం పోతుంది. హైదరాబాద్ రోడ్డు మీద కడుతున్న కొత్త హోటల్ వాళ్ళు ముందు హాల్లో అలంకారానికి పెట్టుకుంటారట. మా మేనబావ వెంకటేశ్వర్లు మాట్లాడి కుదిర్చాడు. మగ్గం పోయాక, కాళ్ళు పెట్టుకునే గుంత పూడ్చి, పైన బండలు వేయిస్తే, ఆ ముందు గదిలో నా పెళ్ళాం అరుణ కుట్టుమిషను పెట్టి బ్లౌజుల షాపు తెరుస్తుంది. మాట ఇచ్చింది నేనే. నన్నెవరూ బలవంతం చేయలేదు. అయ్య చనిపోయిన ఏడాదే నేయడం ఆపేశాను, అప్పటి నుంచి అది బట్టలు ఆరేసుకోవడానికి తప్ప దేనికీ పనికి రావడం లేదు. నాకేం బాధ లేదు.

ఇది సెట్టింగుల డైరీ కాబట్టి మగ్గం సంగతి మళ్ళీ రాయను.

ఏప్రిల్ 9

నడిచింది. కక్కుకున్నాను.

ఏప్రిల్ 12, శనివారం

సంగతి ఇది. హెడ్‌సెట్‌లో బొమ్మ సెకనుకు తొంభై సార్లు మారితే కళ్ళకు నిజమనిపిస్తుంది. మా డబ్బా ఇరవై కూడా దాటడం లేదు. తల తిప్పిన కాసేపటికి గానీ లోకం తిరగదు. తల ఒకచోట, లోకం ఒకచోట ఉంటే కడుపు ఊరుకోదు. సగం, అంటే నలభై ఐదు వస్తే చాలని శ్రీకాంత్ చెప్పాడు. మధ్యలో తక్కువైన బొమ్మను హెడ్‌సెట్ తనే అల్లుకుంటుందట.

కాబట్టి తీసేయడం మొదలుపెట్టాను.

మొదట మేఘాలు తీసేశాను. తర్వాత నీడలు. రోడ్ల మీద బండ్లు. భద్రకాళి చెరువులో నీటి మెరుపు. చెట్లు. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా అంకె కొంచెం పెరుగుతోంది. చివరికి ఇళ్ళు కూడా తీసేశాను. మామునూరు పాత రన్‌వే నుంచి లేచి చూస్తే ఇప్పుడు వరంగల్‌లో ఒక్క ఇల్లు లేదు. మట్టెవాడ ఉండాల్సిన చోట ఆకుపచ్చ చాప పరిచినట్టుంది. మా ఇల్లు ఎక్కడుండాలో తెలుసు కాబట్టి దాని మీదుగా రెండుసార్లు తిరిగాను. ఏమీ లేదు.

సెకనుకు ముప్పై ఒకటి.

అరుణ వచ్చి నిలబడింది. కళ్ళకు హెడ్‌సెట్ గంతలున్నాయి కాబట్టి కనపడలేదు, పౌడర్ వాసన వచ్చింది.

"అవ్వ మల్ల పొద్దుటి నుంచి ఏం తినలే. జర నువ్వన్న జెప్పు."

"డాక్టర్ ఏమన్నడు మొన్న?"

"బీపీ మంచిగనే ఉన్నదన్నడు, షుగర్ లేదన్నడు. పెద్దమనిషి గదా, ఆకలుండదన్నడు."

"మరింక ఫికరెందుకు?"

అరుణ లోపలికి పోయింది. డాక్టర్ చెప్పినదే నేనూ చెప్పాను. డెబ్బై దాటిన మనిషికి ఆకలి తగ్గుతుంది. కళ్ళకు శుక్లాలు, చెవులు సగమే పనిచేస్తాయి. అవ్వ, అంటే మా అమ్మ, వెనక గదిలో నేల మీద గోడకానుకుని కూర్చుంటుంది, మధ్యమధ్యలో పడుకుంటుంది. అంతకు ముందు పొద్దంతా రాట్నం తిప్పి మగ్గానికి నూలు కండెలు చుట్టేది. ఇప్పుడు చుట్టడానికి ఏముంది?

రేపు గాలి వేగం సెట్టింగు చూడాలి.

ఏప్రిల్ 14, సోమవారం

ఇవాళ షాపుకు సెలవు. కంప్యూటర్ మూత విప్పాను. వేడెక్కిపోయి తనంతట తనే నెమ్మదిస్తోందని శ్రీకాంత్ అనుమానం. ఎండాకాలం, పైగా మా ముందు గదికి రేకులు.

మూత తీయగానే నాకు నవ్వొచ్చింది. ఫ్యాను కనపడలేదు. దాని నిండా నూలు దుమ్ము. పదేళ్ళు మగ్గం పక్కన నిలబడిన డబ్బా కదా, నేనెంత పీల్చానో అదీ అంతే పీల్చింది. మగ్గానికి వాడే కుచ్చుబ్రష్షు తెచ్చి తీస్తుంటే దుమ్ము పొరలు పొరలుగా, మెత్తటి గుడ్డలాగా వచ్చింది. అడుగున ఎరుపు, దాని మీద పచ్చ, మళ్ళీ ఎరుపు, నలుపు. ఏ పొర ఏ ఆర్డరుదో చెప్పగలను. ఎరుపు పెళ్ళిళ్ళ షత్రంజీలది. పచ్చది ఢిల్లీ వాళ్ళు వెనక్కి పంపిన సరుకు. అన్నిటికంటే పైపొర నీలం. చివరగా నేసింది అదే. అయ్య మంచంలో ఉండగా నేసిన నీలం చారల జంట.

నీలం పొరను పారేయకుండా కిటికీలో పెట్టాను. ఎందుకో తెలియదు. సాయంత్రం చూస్తే గాలికి పోయింది.

శుభ్రం చేశాక: సెకనుకు నలభై నాలుగు, నలభై ఐదు. కళ్ళు తిరగడం లేదు. శ్రీకాంత్‌కు ఫోన్ చేశాను. నమ్మలేదు.

ఏప్రిల్ 15

మోస్తోంది. ఇక చూడాల్సింది ఏమీ లేదు. హెడ్‌సెట్ వాపస్ ఇచ్చేయాలి.

ఏప్రిల్ 19, శనివారం

ఇవ్వలేదు. ఒక పని మిగిలింది.

విమానానికి చేతిలో కర్ర ఒక్కటే చాలదు. కాళ్ళ కింద రెండు పెడళ్ళుంటాయి. ఎడమది తొక్కితే ముక్కు ఎడమకు, కుడిది తొక్కితే కుడికి. ఒకటి కిందికి పోతే రెండోది పైకి లేవాలి. అలాంటివి కొనాలంటే బయటి నుంచి తెప్పించాలి. శ్రీకాంత్ ఫోన్లో ఫొటో చూపించాడు. నేను ఆ ఫొటోను పెద్దది చేసి చూశాను.

"ఏందన్నా, గంత మంచిగున్నదా?"

"ఇవి మా ఇంట్ల ఉన్నయి."

మగ్గం గుంతలో రెండు తొక్కుడు చెక్కలున్నాయి. పైన గిలక మీదుగా తాడుతో ఒకదానికొకటి కట్టి ఉంటాయి. ఎడమది తొక్కితే కుడిది లేస్తుంది. మా తాత కట్టిన కట్టు. విమానం వాళ్ళు కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు.

పాత జాయ్‌స్టిక్ ఒకటి విప్పి, అందులోని తిప్పుడు బిరడా తీసి, గిలక ఇరుసుకు బిగించాను. గిలక తిరిగితే కంప్యూటర్‌కు తెలుస్తుంది. మగ్గం మీది బట్టలన్నీ తీశాను. గుంత గట్టు మీద పీట ఉంది, దాని మీద కూర్చున్నాను. కాళ్ళు లోపల పెట్టాను. చల్లగా ఉంది. ఎండాకాలంలో గుంత ఎంత చల్లగా ఉంటుందో మరిచిపోయాను.

ఇదంతా రెండు వారాలకే. ఆదివారం నాలుగో తారీఖు ఎలాగూ తీసుకుపోతారు.

ఏప్రిల్ 20, ఆదివారం

కొత్త సమస్య. విమానం తిన్నగా పోవడం లేదు.

రన్‌వే మీద బాగానే పోతుంది, బాగానే లేస్తుంది. పైకి వెళ్ళి కాసేపయ్యాక ముక్కు ఎడమకు జరుగుతుంది, తర్వాత కుడికి, మళ్ళీ ఎడమకు. కల్లు తాగినవాడి నడకలా ఊగుతుంది. ఎడమకు కాస్త ఎక్కువ. గాలి సెట్టింగు సున్నా చేశాను. అయినా అంతే.

బిరడా పాతది కదా, అదే అయ్యుంటుంది. లేకపోతే కంప్యూటర్ పెడళ్ళ లెక్క ఆలస్యంగా తీసుకుంటోంది. పాత సిస్టం అని శ్రీకాంత్ ఊరికే అనలేదు.

ఏప్రిల్ 23, బుధవారం

పొద్దున్నే లేచి ఎండ ఎక్కకముందే నడుపుతున్నాను. తర్వాత స్నానం చేసి బస్సెక్కి షాపుకు.

బిరడా మార్చాను. ఊగుతోంది. వైరు మార్చాను. ఊగుతోంది. ఆటను తీసేసి మళ్ళీ ఎక్కించాను, ఊగుతోంది. ఖాజీపేట దాటేదాకా తిన్నగా ఉంటుంది, మనసు కాస్త అటూ ఇటూ పోయిందా, మొదలు. ఈ మాట సాంకేతికంగా తప్పు. మనసుకూ మెషినుకూ సంబంధం లేదు. కొట్టేయాలి.

అవ్వ ఇవాళ పొద్దున జొన్నరొట్టె అడిగి తిన్నది. మధ్యాహ్నం కూడా తిన్నదని అరుణ ఫోన్ చేసి చెప్పింది. గొంతులో సంతోషం. మొన్న పడ్డ వానకు ఎండ తగ్గింది, అందుకే అయ్యుంటుంది.

ఏప్రిల్ 24

అవ్వ అటక మీది రాట్నం దించమని అడిగిందట. అరుణ దించి ఇచ్చింది. ఇంట్లో పాత చిలపలు, అంటే కండెకు చుట్టని నూలు కట్టలు, ఏవో ఉన్నాయి. పొద్దుపోవడానికి మంచిదే.

ఊగుతోంది.

ఏప్రిల్ 26, శనివారం

శ్రీకాంత్ వచ్చాడు. మాట నిలబెట్టుకోవడానికి ఫ్లాస్కులో చాయ్ కూడా తెచ్చాడు. భుజం మీద తువ్వాలు వేసుకుని, వంగి, "సార్, చక్కెర తక్కువనా ఎక్కువనా?" అన్నాడు. అరుణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ ఇంట్లో ఆమె నవ్వు విని చాలా రోజులైంది. నేను కూడా నవ్వాను.

తర్వాత అతన్ని మగ్గంలో కూర్చోబెట్టాను. శ్రీకాంత్‌ది కిరాణా వ్యాపారుల ఇల్లు. వాళ్ళ నాన్న లక్ష్మీనారాయణది చౌరస్తాలో పేరున్న కొట్టు. గుంతలో కాళ్ళు పెట్టడం అతనికి ఇదే మొదటిసారి. పాములుంటాయేమోనని రెండుసార్లు తొంగి చూశాడు.

లేపాడు. ములుగు దాటాడు. ఏటూరునాగారం దాకా వెళ్ళి గోదావరి చూసి వెనక్కి వచ్చాడు. విమానం గీత గీసినట్టు పోయింది. ఒక్కసారి ఊగలేదు.

"సిస్టం మంచిగనే ఉన్నదన్నా. నీ డబ్బాకు దండం. ఏడ ఊగుతాంది?"

నేను కూర్చున్నాను. శ్రీకాంత్ కంప్యూటర్ తెర మీద పెడళ్ళ కదలికను గీతగా వచ్చేలా పెట్టాడు. కాసేపయ్యాక, "అన్నా, గంతలు దియ్యి, ఇది జూడు" అన్నాడు.

గీత పైకి, కిందికి, పైకి, కిందికి. ఎత్తు ఒకటే, మధ్య దూరం ఒకటే. ఆసుపత్రిలో గుండె గీత వస్తుందే, అలా. ఎడమ వైపు గీత కాస్త లోతు.

"ఇది మిషన్ ఫాల్ట్ గాదన్నా. మిషన్‌ది ఇంత సాఫుగ రాదు."

"మరేంది?"

శ్రీకాంత్ నా కాళ్ళ వైపు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ అరుణ అన్నది.

"నీ కాళ్ళు. నువ్వు నేస్తానవ్."

"ఎవలు?"

"నువ్వే. నేను నాల్గు రోజులకెల్లి జూస్తాన. కండ్లకు గంతలు గట్టుకున్న కాసేపటికి నీ కాళ్ళు నేసుడు వెడతానయి. నీకెరుక లేదు."

చాయ్ చల్లారిపోయింది. శ్రీకాంత్ బరువు తక్కువ, అతని కాలికి చెక్క సరిగా ఆనలేదు. తేడా అక్కడ వచ్చి ఉంటుంది.

ఏప్రిల్ 27

నేను నేయడం లేదు.

ఏప్రిల్ 28, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున మామునూరు నుంచి లేచి కోట మీదుగా తిరిగి దించాను. బాగానే దించాను. గంతలు తీసేసరికి పీట పక్కన వెదురు బుట్ట. బుట్ట నిండా కండెలు. ఎరుపు, తెలుపు, పాత నూలు, ఎక్కడా బిగువు తప్పకుండా చుట్టినవి. అవ్వ ఎప్పుడు వచ్చి పెట్టిపోయిందో తెలియలేదు. నేను అప్పుడు భూమికి చాలా ఎత్తులో ఉన్నాను.

వెనక గదిలోకి వెళ్ళాను. రాట్నం తిరుగుతోంది. నా అడుగుల చప్పుడుకు తల ఎత్తింది.

"వచ్చినవా కొడుకా? కండెలు సరిపోయినయా? బట్టెంతయ్యింది?"

"అవ్వా, బట్ట లేదు. పడుగు పోగులే లేవు మగ్గం మీద. నేను విమానం నడుపుతాన. కంప్యూటర్‌ల."

"ఏందో?"

గట్టిగా చెప్పాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. నా మాట విన్నదో లేదో, చిన్నపిల్లవాడు అబద్ధమాడితే నవ్వినట్టు నవ్వింది.

"నాకు చప్పుడెరుక లేదార? మీ అయ్యది కుడికాలు బరువు. ఆయన కూసుంటె దబ్బుమని కుడి దిక్కు పడేది. నీది ఎడమకాలు. చిన్నప్పటి సంది అంతే. నిన్న పొద్దున నువ్వే నేసినవ్, మొన్న నువ్వే నేసినవ్. శనారం నాడు ఎవడో కూసున్నడు, వానికి రాదు."

"పోగుల నడుమ అటు ఇటు ఉరికే నాడె చప్పుడు వినిపించిందా మరి?"

"చెవులేడున్నయి బిడ్డా నాకు? కాలు చప్పుడు నేలల నుంచి వస్తది."

అరచేతిని నేల మీద ఆనించి చూపించింది. నేనూ పెట్టి చూశాను. ఇద్దరం నేల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాం. మగ్గంలో ఎవరూ లేరు కాబట్టి ఏమీ తెలియలేదు, బండ చల్లదనం తప్ప.

"మీ అయ్య పోయిన కాడికెల్లి నేల సచ్చిపోయినట్టుండె" అన్నది అవ్వ. మళ్ళీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.

షాపుకు ఆలస్యంగా వెళ్ళాను. ఏదో పెళ్ళి ఫ్లెక్సీలో పెళ్ళికొడుకు పేరు రెండుసార్లు తప్పు కొట్టాను.

ఏప్రిల్ 30, బుధవారం

వెంకటేశ్వర్లు బావ ఫోన్. ఆదివారం పొద్దున లారీ తెస్తాడు. విప్పడానికి ఇద్దరు మనుషులు. వచ్చేటప్పుడే గుంత పూడ్చడానికి మొరం మట్టి కూడా వేసుకొస్తాడట.

"మగ్గం మీద ఇంత బట్ట గూడ ఉంటె మంచిగుండు అంటాండ్రు హోటలోళ్ళు. సగం నేసినట్టు. జూసెటోళ్ళకు నేస్తున్నట్టు గొడతది" అన్నాడు.

నేసినట్టు కనపడడానికి బట్ట. నేను సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక, సరే అన్నందుకు నామీద నాకే కోపం వచ్చింది.

అన్నం దగ్గర అరుణకు చెప్పాను.

"ఆదివారమే వస్తడట."

"మంచిది."

"నీ షాపు బోర్డు డిజైన్ చేసిన. ఫ్లెక్సీ రేపు గొట్టిస్త."

"నన్ను అడ్డం బెట్టుకోకు" అంది అరుణ. గొంతు పెంచలేదు. "మగ్గం ఇచ్చేద్దామని నేనన్నానా? నువ్వన్నవ్. ఇగ నేసుడు నా తోని గాదు, ఇచ్చేస్త అన్నవ్. అయితె ఆడ మిషనన్న బెట్టుకుంట అన్న. గంతే. రేపు అవ్వ తినకపోతె, అరుణ బ్లౌజుల కోసం మగ్గం వాయె అంటరు. ఆ మాట నేను పడ."

"ఎవలంటరు?"

"నువ్వే అంటవ్. నోటితోని అనవ్. మొఖం తోని అంటవ్."

ఇద్దరం తినడం పూర్తిచేశాం. ఆమె చెప్పింది నిజమే. ఇక్కడ రాస్తే ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను.

మే 1

మేడే. సెలవు. నడపలేదు.

మే 2, శుక్రవారం

నడపలేదు. ఆదివారం తర్వాత ఎలాగూ నడిపేది లేదు, ఇప్పటి నుంచే అలవాటు కావాలి.

అవ్వ నిన్న రాత్రి తినలేదు. ఇవాళ రెండు ముద్దలు తిని లేచింది. అరచెయ్యి నేల మీద ఆనించి పడుకుంటోంది. రాట్నం గోడకు తిప్పి పెట్టేసింది.

"పడుగు అయిపోయిందా కొడుకా?" అని అడిగింది. నేను అవునన్నాను. ఇంకేం చెప్పాలి?

ఎండ మళ్ళీ ముదిరింది. అయినా ఈసారి ఎండ మీద తోసేయలేను.

మే 3, శనివారం

ఒక నిర్ణయానికి వచ్చాను. ఊరికే మనసు పీకుతోందని మాట తప్పడం బాగుండదు. లెక్క ఒకటి ఉండాలి. రేపు పొద్దున చివరిసారి నడుపుతాను. మామునూరు నుంచి ఏటూరునాగారం దాకా, కాళ్ళు కదలకుండా, తిన్నగా. అలా పోగలిగితే కాళ్ళకు మగ్గం అక్కర్లేదని అర్థం. అప్పుడు మగ్గాన్ని నిశ్చింతగా పంపించేస్తాను. పోలేకపోతే సంగతి తర్వాత చూద్దాం.

అరుణకు ఈ లెక్క చెప్పాను. "నీకు పిచ్చి లేసింది" అని పాలు పొయ్యి మీద పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి టేపు పట్టుకుని కంప్యూటర్ బల్ల దగ్గర వంగి ఉంది. ఏం కొలుస్తున్నావంటే ఏం లేదంది.

మే 4, ఆదివారం

లారీ అనుకున్నదానికంటే ముందే వచ్చింది. నేను అప్పుడే గుంతలో కాళ్ళు పెట్టాను.

వెంకటేశ్వర్లు బావ లోపలికి వచ్చి, కళ్ళకు గంతలతో మగ్గంలో కూర్చున్న నన్ను చూసి ఏమనుకున్నాడో నాకు కనపడలేదు. "ఏందీ అవతారం?" అని మాత్రం వినపడింది.

"కూసో బావా, చాయ్ తాగు. ఆయనది చిన్న పని ఉన్నది, జర ఆగుండ్రి" అంది అరుణ.

లేపాను. ఇళ్ళు లేని వరంగల్ కింద నుంచి జరిగిపోయింది. సెకనుకు నలభై ఐదు. కాళ్ళను రెండు చెక్కల మీద ఊరికే ఆనించి, వేళ్ళు బిగబట్టి కూర్చున్నాను. ములుగు దాకా ఒకటే ధ్యాస, కాళ్ళు కదలొద్దు. ఒకసారి ఎడమ మడమ తనే లేవబోయింది. ఆపాను. ముక్కు అంగుళం కూడా పక్కకు పోలేదు. శ్రీకాంత్ కంటే తిన్నగా పోయాను.

రామప్ప దాటింది. ఏటూరునాగారం అడవి రావాలి. చెట్లు నేనే తీసేశాను కాబట్టి అడవి లేదు. బోడి పచ్చ నేల. దాని చివర గోదావరి సన్నగా తెల్లగా పోగులా కనిపించింది. విమానం ఊగలేదు. లెక్క తేలిపోయింది. కాళ్ళకు ఏమీ అక్కర్లేదు. దించేసి, గంతలు తీసి, బావా విప్పుకో అని చెప్పడమే మిగిలింది. సంతోషించాలి కదా.

ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. బావ చాయ్ జుర్రే చప్పుడు కూడా ఆగింది.

అప్పుడు వెనక గదిలోంచి అవ్వ పిలిచింది. ఈ మధ్య అంత గట్టిగా మాట్లాడలేదు.

"బాలరాజూ! ఏందిర ఆగినవ్? పోగు తెగిందా?"

నా వేళ్ళు చెక్కల మీద ఇంకా బిగుసుకునే ఉన్నాయి.

"ఓ కొడుకా, కూసున్నవని అరుణ జెప్పె. చప్పుడు లేదేంది? తెగితె జెప్పు, నేనొచ్చి అతుకుత. నా కండ్లు లేకున్నా వేళ్ళున్నయి."

మా ఇంట్లో పోగు తెగితే అతికేది ఎప్పుడూ అవ్వే. అయ్య మగ్గంలో ఉన్నా, నేనున్నా, చప్పుడు ఆగిందంటే లేచి వచ్చేది. వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు కొసలు మెలిపెట్టి, నోటితో తడిచేసి వదిలేది. ముడి కనపడేది కాదు. మంచం కర్ర పట్టుకుని ఆమె లేవబోతున్న చప్పుడు వినిపించింది.

"తెగలే అవ్వా!" అన్నాను. "కూసో, తెగలే. నడుస్తాంది."

ఎడమకాలు తొక్కాను. తర్వాత కుడికాలు. తాడు గిలక మీద కిర్రుమంది, చెక్క దబ్బున నేలకు తగిలింది. ఎడమ, కుడి. ఈసారి కాళ్ళు వాటంతటవే కదల్లేదు, నేనే కదిపాను. గోదావరి మీద విమానం ముక్కు ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది, మళ్ళీ ఎడమకు. తిరగనిచ్చాను.

వెనక గదిలో మంచం కిర్రుమనడం ఆగింది. కాసేపటికి రాట్నం.

అరుణ గొంతు గుమ్మం దగ్గర నుంచి వినపడింది.

"బావా, లారీ వాపస్ తీస్కపో. హోటలోళ్ళకు వేరేది ఎవలదన్న జూడు."

"అదేందమ్మా? మాటిచ్చిండు గదా! మొరం గూడ తెస్తిని!"

"మగ్గంల మనిషున్నడు బావా. జూస్తలెవ్వా? మొరం వాకిట్ల పొయ్యి, వానకాలం పనికొస్తది. నా మిషను కంప్యూటర్ బల్ల కాడ పడుతది, నిన్ననే కొల్చిన."

బావ ఇంకేదో అన్నాడు. నాకు సరిగా వినపడలేదు. కాళ్ళు ఆపలేదు.

కాసేపయ్యాక హెడ్‌సెట్‌లో గోదావరి అలికినట్టయింది. అద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాను, మళ్ళీ మసకే. సెకనుకు నలభై ఐదు వస్తూనే ఉంది, కంప్యూటర్ చల్లగానే ఉంది. ఇందులో దాని తప్పేమీ లేదు.